పీ53 పాజిటివ్ అంటే మంచిదేనా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. కొన్నాళ్లుగా నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోందనేవారు. ఎండోస్కోపీలో ముక్క తీసి పరీక్షిస్తే జీర్ణాశయ క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో ‘హెచ్.పైలోరీ ఉంది’, ‘పీ53 స్ట్రాంగ్ పాజిటివ్’ అని రాశారు. పీ53 క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రోటీన్ అట కదా, ఎక్కువుంటే మంచిదేనా? మాకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ ‘పాజిటివ్’ అన్న మాట చాలామందిని తికమక పెడుతుంది. పీ53 కణానికి కాపలాదారు. డీఎన్ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపుతుంది, బాగుపడకపోతే ఆ కణాన్నే చంపేస్తుంది. మామూలు కణంలో ఇది తయారైన కాసేపటికే విరిగిపోతుంది కాబట్టి, రంగు వేసి చూసినా అంతగా కనిపించదు. జన్యువు పాడైనప్పుడు తయారయ్యే పీ53 పనికిరాదు సరికదా, తొందరగా విరగదు కూడా. కణ కేంద్రకంలో పేరుకుపోతుంది. మైక్రోస్కోపులో వరసగా ముదురు గోధుమరంగు చుక్కల్లా కనిపించేవి ఆ కేంద్రకాలే. అంటే అక్కడ ఎక్కువున్నది చెడిపోయిన కాపలాదారు. కొందరిలో జన్యువు పాడై పీ53 తయారే కాదు, అప్పుడు కొద్దిపాటి రంగు కూడా పట్టదు. అదీ మంచి సూచన కాదు.

హెచ్.పైలోరీ అనే బ్యాక్టీరియా సాధారణంగా చిన్నప్పుడే కడుపులో చేరుతుంది. దీన్ని క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే ప్రకటించింది. కొన్ని రకాలు ‘క్యాగ్-ఏ’ అనే ప్రోటీన్‌ను సూదితో ఎక్కించినట్టు కణంలోకి పంపి, పీ53ని ఇంకా త్వరగా విరిగిపోయేలా చేస్తాయి. మరోపక్క ఏళ్ల తరబడి ఉండే వాపు డీఎన్ఏని దెబ్బతీస్తూనే ఉంటుంది. అలాగని బ్యాక్టీరియా ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ రాదు, నూటికి ఒకరి నుంచి ముగ్గురికే.

నాన్నగారి పీ53 మార్పు చాలావరకు ఆ గడ్డకే పరిమితమై ఉంటుంది, మీకు సంక్రమించేది కాదు. బ్యాక్టీరియా మాత్రం ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. మీరు, మీ తోబుట్టువులు శ్వాస పరీక్షో, మల పరీక్షో చేయించుకోండి. దానికి రెండు వారాల ముందు నుంచి పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ వాడకూడదు. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. ఉన్నట్టు తేలితే సాధారణంగా 14 రోజుల మందులు. ఆపిన నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష. చాలామంది ఈ రెండో పరీక్షే ఎగ్గొడతారు.

నాన్నగారి చికిత్స మాత్రం పీ53ని బట్టి నిర్ణయించేది కాదు. సీటీ స్కాన్‌లో తేలిన దశ, గడ్డకు ఏ మందులు సరిపోతాయో చెప్పే హెర్2, ఎంఎస్ఐ, పీడీ-ఎల్1 పరీక్షల ఫలితాలు ఏమిటో మీ ఆంకాలజిస్టును అడగండి. నాన్నగారు వాడుతున్న మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.