ఆఫ్రికా కొండల్లో ‘తిరుమల’

ప్రశ్న: కెన్యాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి కొండ అడవిలో ఒక సీతాకోకచిలుకను ఫోటో తీసి, దాని శాస్త్రీయ నామం ‘తిరుమల ఫార్మోసా’ అని చెప్పాడు. అతని మిత్రుడేమో అది ‘పాపిలియో రెక్స్’ అంటున్నాడట. ఎవరి మాట నిజం? ఆ పేరు మన తిరుమలదేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు పేరు సంగతి. ‘తిరుమల’ ఒక ప్రజాతి పేరు. భారతదేశపు సీతాకోకచిలుకలపై విస్తారంగా రాసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మూర్ 1880లో దానిని పెట్టాడు. ‘సురేంద్ర’, ‘రోహణ’ వంటి పేర్లు కూడా ఆయన పెట్టినవే. నల్లని రెక్కలపై లేత నీలపు మచ్చలతో మన ప్రాంతాల్లో ఎగిరే బ్లూ టైగర్ ఈ ప్రజాతిదే కనుక, ఆఫ్రికా తిరుమల దానికి దగ్గరి చుట్టమే.

ఇక వివాదం. ఫోటో చూడనిదే తీర్పు చెప్పలేను కాని, ఆ ఇద్దరూ తడబడడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే పక్షులను సరిగ్గా అలా తడబరచడం మీదే రెక్స్ బతుకు ఆధారపడి ఉంది. పాలు కారే తీగలపై పెరిగే తిరుమల పక్షులకు రుచించదు. నిమ్మ కుటుంబపు చెట్ల ఆకులు తిని పెరిగే రెక్స్‌కు ఆ రక్షణ లేదు. అందుకే అది తన బంధువులైన స్వాలోటెయిల్ సీతాకోకచిలుకలకు సాధారణంగా ఉండే తోకలు లేకుండా, నల్లని రెక్కలు, లేత మచ్చలు, ముందు రెక్కల మొదట్లో ఇటుక రంగుతో అచ్చం తిరుమలలా కనిపిస్తుంది. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు హెన్రీ బేట్స్ 1862లో అమెజాన్ సీతాకోకచిలుకలను చూసి వివరించిన అనుకరణ ఇదే. మన కరివేపాకు చెట్టుపై గుడ్లు పెట్టే కామన్ మార్మన్‌లో ఆడవి మాత్రమే, వాటిలోనూ కొన్నే, ఇలా వేషం వేస్తాయి. రెక్స్‌లో ఆడా మగా రెండూ వేస్తాయి. తిరుమల రూపం ప్రాంతాన్ని బట్టి కొంత మారితే, రెక్స్ కూడా దాని వెంటే మారడం నాకు అన్నిటికంటే అద్భుతంగా తోస్తుంది.

మీ అబ్బాయిని ఫోటోలో కాళ్లు లెక్కపెట్టమనండి. తిరుమల ముందు కాళ్లు కుంచించుకుపోయి ఛాతీకి అంటుకుని ఉంటాయి కనుక అది నాలుగు కాళ్లపైనే నిలుస్తుంది. రెక్స్ ఆరు కాళ్లనూ ఆనించి వాలుతుంది.