మొక్కలు ఒత్తుగా వేస్తే యూరియా కూడా అంతే పెంచాలా?

మొక్కజొన్నలో సాలుకీ సాలుకీ 60 సెంటీమీటర్లు ఉంచి, మొక్కకీ మొక్కకీ ఎడం 20 నుంచి 15 సెంటీమీటర్లకి తగ్గించాలనుకుంటున్నానని, నీళ్లకి కొదవ లేదని, అప్పుడు యూరియా కూడా అదే లెక్కన పెంచాలా అని అడిగారు. అక్కర్లేదు. మొక్కజొన్నలో నత్రజని లెక్క మొక్కకి కాదు, గింజకి.

20 ఎడంలో ఎకరానికి సుమారు 33,700 మొక్కలు వస్తాయి. 15 అంటే దాదాపు 45,000. మొక్కలు మూడో వంతు పెరిగాయి కదా అని దిగుబడి మూడో వంతు పెరగదు. ఒక్కో కండె చిన్నదవుతుంది, మొత్తం మీద కాస్త లాభం మిగులుతుంది, అదీ హైబ్రిడ్ తట్టుకుంటేనే. టన్ను గింజ పండాలంటే పైరు మొత్తం మీద సుమారు 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరానికి మూడు టన్నులనుకుంటే 60 కిలోలు, అందులో కొంత నేలే ఇస్తుంది. ఎకరానికి రెండు మూడు క్వింటాళ్లు ఎక్కువ పండితే అదనంగా కావలసింది నాలుగు నుంచి ఆరు కిలోల నత్రజని. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి యూరియాగా పది కిలోలకి అటూ ఇటూ. వేసిందంతా వేరుకి అందదు, ఆ వృథా కలుపుకున్నా బస్తాలకి బస్తాలు పెంచే పని లేదు.

ఒత్తు పైరు దెబ్బతినేది జల్లు (పుప్పొడి రాల్చే పై పూత), పీచు (పుప్పొడిని అందుకునే కండె దారాలు) వచ్చే రోజుల్లో. మా తమ్ముడు పట్టుబట్టి పొలం అంతా 15 ఎడంతో వేయించిన పంట ఇందుకు నాకు సాక్ష్యం. జల్లు తొడిగాక ఇద్దరం కాలువ గట్టు దగ్గర నుంచి లోపలికి నడిచాం. నీరు ముందుగా పారే వైపు చూడముచ్చటగా ఉంది, పుప్పొడి రాలుతోంది, పీచు కూడా బయటికి వచ్చింది. చివరికి పోయేకొద్దీ జల్లు మాత్రమే కనబడుతోంది. ఆకుల మీద పుప్పొడి పసుప్పచ్చగా రాలి ఉంది కానీ కండెల నుంచి పీచు రాలేదు. ఒక కండె పొర ఒలిచి చూస్తే పీచు లోపలే పొట్టిగా ఉంది. ఇంతలో మా చిన్నాన్న వచ్చి, "ఆకలితో ఉందిరా పైరు, ఇంకో దఫా యూరియా చల్లండి" అన్నారు. తమ్ముడు అప్పటికే బస్తా తేవడానికి బయలుదేరాడు. నేను ఆపాను.

ఎందుకంటే కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి. నత్రజని తక్కువైతే ముందు ముసలి ఆకు కొన దగ్గర పసుపు మొదలై, మధ్య ఈనె వెంబడి లోపలికి వస్తుంది, అంచులు ఇంకా పచ్చగా ఉంటాయి. అది లేదు. ఎండ ఇంకా ముదరకముందే పై ఆకులు గొట్టాల్లా చుట్టుకుని ఉన్నాయి. అంటే నీళ్లు. తడి చివరి దాకా సరిగ్గా అందడం లేదు, ఒత్తు మొక్కలు ఉన్న తేమని తొందరగా తాగేస్తున్నాయి. ఇలాంటి ఇబ్బంది వస్తే మొక్కజొన్న జల్లుని ఆపదు, పీచుని వెనక్కి నెడుతుంది. పుప్పొడి అయిపోయాక పీచు వస్తే గింజ ఎక్కడి నుంచి పడుతుంది? ఆ రోజే చివరి వైపుకి నీళ్లు మళ్లించాం. అయినా కోతప్పుడు ఆ వైపు కండె లేని మొక్కలు చాలా వచ్చాయి, కండె ఉన్నవాటిలోనూ అడుగున గింజ పట్టి కొనలు ఖాళీ. అడుగు గింజల పీచే ముందు బయటికి వస్తుంది కాబట్టి దానికి కాస్త పుప్పొడి దొరికింది. కాలువ వైపు మాత్రం అదే ఎడం, అదే యూరియా, కొన దాకా నిండిన కండెలు.

తర్వాతి పంటకి ఎడం మార్చలేదు, యూరియా పెంచలేదు. సాళ్లని మధ్యలో అడ్డంగా విడగొట్టి తడి రెండు ముక్కలుగా పెట్టాం. నత్రజని ఎక్కువ భాగం మోకాలెత్తు దశలో వేసి, మిగిలింది జల్లు కనబడకముందే ముగించి వెంటనే తడి ఇచ్చాం. పీచు వేసే నాటికే పైరు తనకి కావలసిన నత్రజనిలో సగానికి పైగా తీసేసుకుంటుంది, ఆ తర్వాత చల్లింది గింజ సంఖ్యని పెద్దగా పెంచదు. పైరు అంతటా ఒకేలా నిలిచింది. నా దృష్టిలో ఒత్తు సాగు అంటే ముందు నీటి పని, ఆ తర్వాతే ఎరువు పని.

నాకు మండేది ఒకటుంది. పక్క చేను ముదురాకుపచ్చగా కనిపిస్తే చాలు, మనదీ అలా ఉండాలని యూరియా చల్లేస్తారు. తడి నేల మీద చల్లి, నీళ్లు పెట్టకుండా ఎండకి వదిలేస్తారు. అందులో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. లేదంటే నీళ్లు నిలబెడతారు, నైట్రేటు కిందికి దిగిపోతుంది. రెండూ అయ్యాక విత్తనం మంచిది కాదంటారు.

ఇంకోటి, ఒకే గుంటలో లేచిన రెండు మొక్కల్లో ఒకటి పీకడానికి ఎవరికీ చేతులు రావు. పక్క మొక్కల కంటే రెండు ఆకులు వెనకబడిన మొక్క చివరి దాకా నీడలోనే ఉండి, కండె వేయకుండా నీళ్లూ ఎరువూ తింటుంది. నా లెక్కలో అది కలుపే. 45,000 ఎగుడుదిగుడు మొక్కల కంటే ఒకేసారి లేచిన 33,000 మొక్కలు ఎప్పుడూ మేలు.

హైబ్రిడ్ సంగతి కూడా చూసుకోండి. పాతవాటి కంటే కొత్తవి ఎక్కువ పండేది ప్రధానంగా ఒత్తుని తట్టుకోవడం వల్లే. ఆకులు నిటారుగా నిలిచే రకమైతే 15 గురించి ఆలోచించొచ్చు. ఆకులు వెడల్పుగా వాలిపోయే రకమైతే 20 దగ్గరే ఆగండి, లేకపోతే కాండాలు సన్నబడి గాలికి పడిపోతాయి.

ఈసారి పొలం మొత్తం మార్చకండి. కొన్ని సాళ్లు మాత్రం 15తో వేసి, యూరియా మిగతా చేనికి వేసినంతే వేయండి. 60 సెంటీమీటర్ల సాలులో 6.75 మీటర్ల పొడవున మొక్కలు లెక్కపెట్టి వెయ్యితో గుణిస్తే ఎకరానికి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. కోతకి ముందు అదే పొడవులో కండెలు కూడా లెక్కపెట్టండి, కాలువ వైపు ఒకసారి, చివర ఒకసారి. రెండు వైపులా మొక్కలకి తగ్గట్టు కండెలు ఉంటే వచ్చే పంటకి ధైర్యంగా 15కి వెళ్లొచ్చు. చివర మాత్రమే తగ్గితే ముందు తడి సరిచేయండి.