పక్కన పల్లంలో చెత్త పోసి మెరక చేస్తున్నారు, పైన మట్టి కప్పేస్తే నష్టం ఉండదు కదా?

మీరు అడిగింది ఇది కదా: ఇంటి పక్క పల్లం జాగాని ఇళ్ల చెత్తతో, కూల్చిన బిల్డింగుల శిథిలాలతో నింపుతున్నారు, కెమికల్స్ ఏమీ లేవు, ఆఖర్న మంచి మట్టి కప్పేస్తామంటున్నారు, ఇంకేం భయం అని. భయపడాల్సిందేనండి. చెత్త పైకి కనిపించినన్నాళ్లూ వాసనకో ఈగలకో ఎవరో ఒకరు గొడవ చేస్తారు, మట్టి కప్పాక ఇంకెవరూ అటు చూడరు, కానీ లోపల జరగాల్సింది అప్పుడే మొదలవుతుంది.

మేం అలా మెరక చేసిన జాగా పక్కింట్లో చాలా ఏళ్లు అద్దెకున్నాం. పైన గడ్డి మొలిచి చూడ్డానికి శుభ్రంగా ఉండేది. తేడా అంతా బోరు నీళ్లలో తెలిసింది. పట్టినప్పుడు తేటగానే ఉండేవి, బకెట్లో కాసేపు ఉంచితే పసుపు తిరిగేవి, సాయంత్రానికి అడుగున తుప్పు రంగు మడ్డి, పైన రంగురంగులుగా మెరిసే తెట్టు. ఎవరో డీజిల్ వదులుతున్నారని వీధంతా అనుకున్నారు. నీళ్లు టెస్ట్ చేసే ఒకాయన వచ్చి పుల్లతో ఆ తెట్టుని కదిపి చూపించాడు, అది ముక్కలు ముక్కలుగా విరిగి అలాగే ఉండిపోయింది. నూనె అయితే కదిపినా మళ్ళీ దగ్గరికొచ్చి కలిసిపోతుంది, ఇది ఇనుము అండి, దాన్ని తిని బతికే బ్యాక్టీరియా కట్టిన పొర అన్నాడు.

చెత్తలో ఇనుము ఎక్కడిది అంటే, అది చాలావరకు చెత్తది కాదు, ఆ నేలదే. కుళ్లే పదార్థం ఏదైనా, కూరగాయల తొక్కలైనా ఆకులైనా, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ మొత్తం లాగేసుకుంటుంది, అందులోంచి కారే నల్లనీళ్లు (లీచేట్ అంటారు) కిందికి దిగినప్పుడు అక్కడ కూడా ఆక్సిజన్ లేకుండా చేస్తాయి, అప్పుడు మట్టిలో ఎప్పట్నుంచో గట్టిగా ఉన్న ఇనుము, మాంగనీస్, కొన్ని చోట్ల ఆర్సెనిక్ కూడా కరిగి నీళ్లలో కలుస్తాయి. అంటే విషం అనేది ఒక్కటీ పోయకుండానే భూగర్భ నీళ్లు పాడవుతాయి. అందుకే "కెమికల్స్ లేవు కదా" అనే మాట నాకు అస్సలు మింగుడు పడదు. పైగా ఇళ్ల చెత్తలో బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, మందులు, పెయింట్ డబ్బాలు లేకుండా ఎప్పుడుంది?

శిథిలాలు మట్టి లాంటివే అనుకుంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. సీలింగులకి వాడే జిప్సమ్ షీట్లు అందులో ఉంటే, గాలి ఆడకుండా తడిగా పూడిపోయినప్పుడు వాటిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన అదే, ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. పాత ఇళ్లవైతే ఆస్బెస్టాస్ రేకుల ముక్కలు, సీసం ఉన్న పెయింట్ కూడా ఉంటాయి.

ఇంకోటి గ్యాస్. పూడిపోయిన చెత్తలోంచి వచ్చే గ్యాస్‌లో దాదాపు సగం మీథేన్ (నిప్పు తగిలితే మండే గ్యాస్), పైన మట్టి గట్టిగా కప్పేస్తే అది పైకి రాలేక పక్కకి పాకుతుంది. ఇంగ్లాండ్‌లో డెర్బీషైర్‌లోని లాస్కో అనే ఊళ్లో ఇటుకల మట్టి తవ్విన పాత గోతిని చెత్తతో నింపి మూసేశారు, అదీ ఎక్కువగా ఇళ్ల చెత్తే. 1986 మార్చిలో వాతావరణ పీడనం బాగా పడిపోయిన ఒక రోజు పొద్దున్నే, నేల లోపలి గ్యాస్ పక్కనున్న ఇంటి కిందకి చేరి, ఇల్లు మొత్తం పేలిపోయింది, లోపలున్న ముగ్గురికి తీవ్ర గాయాలయ్యాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. మూసేసి అప్పటికి ఏళ్లు గడిచాయి, అది గుర్తుపెట్టుకోండి.

పల్లం పోవడం కూడా చిన్న నష్టం కాదండి. వాన నీళ్లు ఆగి ఇంకే చోటది, దాన్ని లేపేస్తే ఆ నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, మా వీధిలో అయితే మెరక జాగాకి కిందున్న ఇళ్లలోకి పోయాయి, అంతకుముందు ఎప్పుడూ నీళ్లు రాని ఇళ్లు అవి.

ఇక మీరేం చేయాలంటే, ముందు మీ బోరు నీళ్లు ఇప్పుడే టెస్ట్ చేయించండి, నీళ్లు బాగున్నా సరే. మా దగ్గర మెరకకి ముందు చేసిన టెస్ట్ ఒక్కటీ లేదు, అందుకని ఎంత మొత్తుకున్నా "ఇక్కడ నేలే అంత, ముందు నుంచీ ఇనుము ఉంది" అన్నారు, కాదని చూపించడానికి కాగితం లేదు. క్లోరైడ్, అమ్మోనియా, నైట్రేట్, ఇనుము, మాంగనీస్, కండక్టివిటీ (నీళ్లలో లవణాలు ఎంత కరిగున్నాయో చెప్పే కొలత), ఇవి కచ్చితంగా చూడమనండి. క్లోరైడ్ మట్టికి అంటుకోదు, నీళ్లతో పాటే వచ్చేస్తుంది కాబట్టి ముందుగా పెరిగేది చాలాసార్లు అదే. శాంపిల్ తీసే ముందు మోటారు కాసేపు నడవనివ్వండి, పైపులో నిలవున్న నీళ్లు పట్టొద్దు. ఇనుముకి వేరే బాటిల్, అందులో యాసిడ్ చుక్కలు ల్యాబ్ వాళ్లే వేసిస్తారు, లేకపోతే దారిలోనే ఇనుము అడుగుకి దిగిపోయి తక్కువ చూపిస్తుంది.

లోడ్లు దింపుతున్నప్పుడు తేదీ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి, లోపల ఏం పడిందో కప్పాక ఎవరూ చెప్పలేరు. నీళ్లు మారినట్టు అనిపిస్తే కాచుకుని తాగితే చాలనుకోవద్దు, కాస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ నైట్రేట్, లోహాలు పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. పసిపిల్లలకి పాలు కలిపే నీళ్లైతే మరీ జాగ్రత్త, నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వాళ్లని దృష్టిలో పెట్టుకునే. రిజల్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి, అంకెలు చూసి నాకు తెలిసినంత చెప్తాను.