క్షమాపణ ఎవరికి చెబుతున్నావు?

అమ్మాయీ,

నీ ఆత్మకథ మొదటి నలభై పేజీలూ చదివాను. "నాకేం తెలుసని రాస్తున్నానో", "తప్పులుంటే మన్నించండి" అని పేజీకోసారి ఉంది. అన్నీ కొట్టేద్దామని పెన్ను తీశాను. అంతలో అవిలా పునీత తెరేసమ్మ గుర్తొచ్చి ఆగాను.

ఆవిడ 16వ శతాబ్దపు స్పెయిన్‌లో కార్మెల్ సభ అనే కతోలిక మఠాల సంఘంలో సిస్టరు. తన జీవిత కథ నిండా చెడ్డదాన్ని, చదువులేనిదాన్ని, ఉత్త ఆడదాన్ని అని నీకంటే ఎక్కువగా తిట్టుకుంది. కాకపోతే ఆ తిట్లకి పని ఉంది. ప్రార్థనలో దర్శనాలు కలుగుతున్నాయంటే అది దయ్యం పనేమోనని పెద్దలకు అనుమానం. 1546లోనే కొర్దోబాలో పేరుమోసిన ఒక సిస్టరు దర్శనాలు దొంగవని తేలి, ఇంక్విజిషన్, అంటే మతం తప్పారని అనుమానం వచ్చినవాళ్లని విచారించే చర్చి కోర్టు, శిక్ష వేసింది. అందరికీ టెన్షనే. పాపసంకీర్తనం వినే గురువులు, అంటే పాపాలు ఒప్పుకుంటే వినే ఫాదర్లు, తెరేసమ్మని రాసిమ్మన్నారు, రాసింది. అంటే తొలి పాఠకులే తీర్పరులు.

మొదటి వాక్యమే చూడు. అమ్మానాన్నలు దైవభీతి గలవాళ్లు, నేనింత చెడ్డదాన్ని కాకపోతే బాగుపడడానికి అది చాలేది అంటుంది. తిట్టు తన మీద వేసుకుని పుట్టింటికి మంచి పేరు రాసేసింది. తాతగారు యూదు మతం నుంచి మారినవారనీ, 1485లో తొలెడోలో ఇంక్విజిషన్ ఆయన చేత ప్రాయశ్చిత్తం చేయించిందనీ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆ కాలంలో ఆ ఒక్క మాట చాలు, కొంప ముంచడానికి.

నాకు మరీ ఇష్టమైన చోటు ఇంకొకటుంది. దర్శనం వచ్చినప్పుడల్లా దాన్ని వెక్కిరించమని గురువులు చెప్పారు. పిడికిలి బిగించి, వేళ్ల సందులోంచి బొటనవేలు చూపించే మోటు సైగ. క్రీస్తు ముందు అలా చెయ్యాలంటే ప్రాణం పోయినట్టుండేదట. అయినా చేసింది, చేస్తూనే మన్నించమని వేడుకుంది. ఆయనేమో, ఏం ఫర్వాలేదు, మాట విని మంచి పని చేశావు, నిజమేదో తెలిసేలా నేను చేస్తాను అన్నాడట. గురువుల మాట జవదాటలేదు, వాళ్లు పొరబడ్డారని మాత్రం క్రీస్తు నోటే చెప్పించింది! ఎంత గడుసుతనం. పైగా అబద్ధం ఆడినట్టు ఎక్కడా అనిపించదు.

1575లో ఆ రాతప్రతి ఇంక్విజిషన్ చేతికి వెళ్లింది. పరిశీలించిన బాన్యెస్ అనే దొమినికన్ సభ గురువు ఆవిడ మోసగత్తె కాదన్నాడు, కానీ అందరికీ చూపించే పుస్తకం కాదనీ రాశాడు. అచ్చయింది 1588లో, ఆవిడ పోయిన ఆరేళ్లకి.

నీ క్షమాపణలు ఎవరికి? నీ మీద కేసేమీ లేదు. కానీ ఆరో పేజీలో మీ అత్తగారు "ఆ నోట్‌బుక్‌లో మన ఇంటి సంగతులేం రాస్తున్నావే?" అని అడిగారు చూడు, ఆవిడే నీ ఇంక్విజిషన్. నువ్వేమో "ఏవో పిచ్చిరాతలు" అని రెండు ముక్కల్లో తప్పించుకున్నావు. అక్కడ నిలబడు. ఆవిడ అనుమానం ఆవిడ మాటల్లోనే రానివ్వు, ఆవిడకి అబద్ధం చెప్పకుండా నీ జవాబు నువ్వు చెప్పు.

అప్పుడు పొయ్యి మీద ఏముందో కూడా రాయి. నూలు వడకడం మానుకుని రాస్తున్నాను, బీద మఠం, బోలెడు పనులు అని తెరేసమ్మ ఒకచోట విసుక్కుంటుంది. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది దర్శనాల దగ్గర కాదు, అక్కడే.

ఆ పేజీ ఒక్కటి మళ్లీ రాసి పంపు. మిగతావి ఇప్పుడే కదపకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ