రాస్తే తగ్గి, ఆపితే తిరగబెట్టే తామర

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, షుగర్ ఉంది. గజ్జల్లో తామరకు మందుల షాపు క్రీము రాస్తే మూడు రోజుల్లో దురద పోతోంది. ఆపగానే ఇంకా ఎక్కువవుతోంది. ఎందుకని?

జవాబు: ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. దురదను అణిచేస్తాయి గానీ తామరకు కారణమైన ఫంగస్‌ను చంపవు. పైగా అది లోలోపల పాకుతుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడితే అవి పూర్తిగా పోవు. స్టెరాయిడ్‌ను ఫంగస్ మందుతో కలిపిన ఇలాంటి క్రీములను అడగ్గానే చేతిలో పెట్టడమే అసలు తప్పు.

చర్మవైద్యుడు మచ్చ అంచున పొట్టు గీకి మైక్రోస్కోపులో చూస్తారు. స్టెరాయిడ్ లేని, ఫంగస్‌ను చంపే క్రీమును మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు రాయాలి. మచ్చ మాయమయ్యాక కూడా 2 వారాలు కొనసాగించాలి; మధ్యలో ఆపేయడం వల్లే చాలామందికి తిరగబెడుతుంది. బాగా పాకితే మాత్రలు తప్పవు. ఈమధ్య మన దేశంలో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని తామర రకం పెరిగింది, కాబట్టి సొంతంగా కొనకండి. తువ్వాలు ఎవరిది వారికే. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే ఒకేసారి వైద్యం చేయించాలి.

షుగర్ అదుపు తప్పినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు మరో సంగతి గమనించాలి: ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కులో నల్లటి చెక్కు కనిపిస్తే అది తామర కాదు, మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) కావచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.