కొత్తవాళ్లకు ఆర్సీ విమానం నేర్పేటప్పుడు కంట్రోల్ ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: మీకు ఆర్సీ (రేడియో కంట్రోల్) విమానం ఎగరేయడం బాగా వచ్చు. మీ అన్నయ్యగారి అబ్బాయి, 14 ఏళ్లవాడు, నేర్పమని వెంటపడుతున్నాడు. ట్రాన్స్‌మిటర్ (విమానాన్ని నడిపే రిమోట్) చేతికిచ్చిన కాసేపటికే విమానం అదుపు తప్పుతోంది, మీరు లాక్కుని సరిచేస్తున్నారు, వాడు డీలా పడిపోతున్నాడు. ఒకసారి మీరు అందుకునేలోపే నేలకు తగిలి రెక్క విరిగింది, అతికించారు. ‘నాకు వచ్చింది వాడికెందుకు చెప్పలేకపోతున్నాను, ట్రాన్స్‌మిటర్ ఎప్పుడు తీసుకోవాలి?’ అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. స్కూలు పిల్లలూ ఉన్నారు, రిటైరైనవాళ్లూ ఉన్నారు. నేర్పేవాడి పనిలో అసలు కష్టం మీరు అడిగిన చోటే ఉంది. కాకపోతే దానికి ఇంకో సగం ఉంది: తీసుకున్నాక ఎంత త్వరగా తిరిగి ఇవ్వాలి? దీన్ని ఎవరూ అడగరు. నా లెక్కలో అదే పెద్ద ప్రశ్న.

ముందుగా, ట్రాన్స్‌మిటర్ చేతులు మారుస్తూ నేర్పడం మానేయండి. ట్రైనర్ విమానం (నేర్చుకునేవాళ్ల కోసం చేసినది) సెకనుకు సుమారు 10, 12 మీటర్లు పోతుంది. వాడు చాపడం, మీరు అందుకోవడం, వేళ్లు స్టిక్‌ల మీద కుదురుకోవడం... ఇంతలో రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. ముక్కు కిందికి పెట్టేసిన విమానానికి అంత టైమ్ ఉండదు. రెండు ట్రాన్స్‌మిటర్లను కలిపే బడ్డీ బాక్స్ పద్ధతి ఉండాల్సిందే, కేబుల్‌తో అయినా వైర్‌లెస్‌గా అయినా. ట్రైనర్ స్విచ్ మీరు నొక్కి పట్టుకున్నంతసేపూ కంట్రోల్ వాడిది, వదిలిన క్షణంలో మీది.

నేల మీద ఉండగానే ఆ స్విచ్‌ని నొక్కి వదిలి చూడండి. ఐలెరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలక), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఏమాత్రం ఎగిరిపడకూడదు. కదిలాయంటే రెండు ట్రాన్స్‌మిటర్ల ట్రిమ్‌లు (స్టిక్ వదిలినప్పుడు పలకలు ఉండే స్థానాన్ని సర్దేవి) గానీ, రివర్స్ సెట్టింగులు (పలక కదిలే దిశ) గానీ కలవలేదన్నమాట, కలిసేదాకా ఎగరేయొద్దు. మోటార్ పవర్ పెంచి తగ్గించే మీ థ్రాటిల్ స్టిక్ సంగతీ చూసుకోవాలి. పిల్లాడు సగం థ్రాటిల్‌లో ఎగరేస్తున్నాడు, మీ స్టిక్ అడుగున ఉంది అనుకోండి. మీరు కంట్రోల్ తీసుకోగానే మోటార్ ఆగిపోతుంది, అదీ సరిగ్గా పవర్ కావాల్సిన సమయంలో. అందుకే నా థ్రాటిల్‌ని ఎప్పుడూ నేర్చుకునేవాళ్ల థ్రాటిల్‌తో సమానంగా ఉంచుతాను. చాలా ట్రాన్స్‌మిటర్లలో కొన్ని చానళ్లే (ఒక్కో కంట్రోల్‌కి ఒక చానల్) అవతలివాళ్లకి ఇచ్చే వీలుంటుంది. మొదట్లో ఐలెరాన్, ఎలివేటర్ మాత్రమే ఇచ్చి, థ్రాటిల్, రడ్డర్ (ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే తోక పలక) మీ దగ్గరే పెట్టుకోండి.

ఇక ఆ అతికించిన రెక్క. దాన్ని వెనకనుంచి ఒక కన్ను మూసి చూడండి, మెలి పడిందేమో. ఒక పక్క జిగురు ఎక్కువై బరువు తేడా వచ్చిందా అన్నది కూడా చూడాలి. సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) మాన్యువల్‌లో చెప్పిన చోటే ఉందా? మామూలు ట్రైనర్లలో అది రెక్క ముందు అంచునుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 33 శాతం దగ్గర ఉంటుంది. ముక్కు బరువైతే విమానం మొద్దుగా ఎగురుతుంది, తోక బరువైతే మీ చేతుల్లో కూడా నిలవదు. ఒక పక్కకి లాగే విమానం మీద పిల్లాడు తనకు రావట్లేదని కుంగిపోతాడు, తప్పు రెక్కది. ముందు మీరే ఎగరేసి, స్టిక్‌లు వదిలేస్తే తిన్నగా పోయేలా ట్రిమ్ చేసి, అప్పుడివ్వండి. లో రేట్స్ (స్టిక్ కదలికకి పలకలు తక్కువగా కదిలే సెట్టింగ్), 30 శాతం దాకా ఎక్స్‌పో (స్టిక్ మధ్య దగ్గర స్పందనని మెత్తబరిచే సెట్టింగ్) పెట్టండి. రెక్క పైన ఒక రంగు, కింద ముదురు రంగు టేపు వేస్తే దూరంలో విమానం ఎటు వాలిందో తెలుస్తుంది. హై వింగ్ (రెక్క పైభాగాన ఉన్నది), కాస్త డైహెడ్రల్ (రెక్కల చివర్లు పైకి లేచి ఉండడం) ఉన్న ఫోమ్ విమానమే అయి ఉంటుందనుకుంటున్నాను. కాకపోతే మార్చండి.

ఇప్పుడు అసలు విషయం. కొత్తవాళ్లకి వేళ్లు బాగానే పనిచేస్తాయి, కన్ను తయారై ఉండదు. గాల్లో ఆ చిన్న ఆకారం ఎటు వాలి ఉంది, ముక్కు పైకుందా కిందికుందా అన్నది చదవడం రావడానికి టైమ్ పడుతుంది. విమానం మనవైపు వస్తున్నప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి. అప్పుడు నేను చెప్పేది ఒకటే: ‘ఏ రెక్క కిందికుందో స్టిక్‌ని అటు నెట్టు.’ మనకు కనిపించే ఎడమవైపు రెక్క వాలితే ఎడమకి, కుడివైపుది వాలితే కుడికి. లెక్క వేసుకోనక్కర్లేదు, విమానం తిన్నగా అవుతుంది. సిమ్యులేటర్‌లో ఇది ఒక్కటే చేయించండి: విమానాన్ని తనవైపు రప్పించుకోవడం, రెక్కలు సమంగా ఉంచడం, దాటించడం. పిల్లలు అక్కడ లూపులు కొట్టడానికే కూర్చుంటారు, అది ఈ దశలో పనికిరాదు.

గాల్లో ఉండగా మీరు మాట్లాడే మాటల గురించి కూడా ఆలోచించండి. ‘ఎడమకి, ఎడమకి!’ అని అరిస్తే, ఎవరి ఎడమ? విమానానిదా, వాడిదా? ఆ సందేహంలోనే సెకను పోతుంది. నేను దిక్కులకి నేల మీద గుర్తులు వాడతాను: ‘చెట్లవైపు తిప్పు’, ‘రోడ్డువైపు తిప్పు’. స్టిక్ గురించి కన్నా విమానం గురించి చెప్పండి: ‘రెక్క వాలింది’, ‘ముక్కు లేచింది’. ఏం కదపాలో వాడే తేల్చుకోవాలి. కంట్రోల్ మారేటప్పుడు రెండే మాటలు, ఎగరకముందే ఒప్పందం చేసుకోండి: తీసుకుంటే ‘నాది’, ఇస్తే ‘నీది’. మాట లేకుండా ఎప్పుడూ మార్చొద్దు.

ఇప్పుడు మీ ప్రశ్న, ఎప్పుడు తీసుకోవాలి? ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది. మొదటి రోజుల్లో 50, 60 మీటర్ల ఎత్తుకి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. అంత ఎత్తులో విమానం వాలినా, ముక్కు దిగినా కాసేపు ఊరుకోండి. వాడికి అది కనిపించాలి, తప్పు జరిగిందని తనంతట తనకే తెలియాలి, ఏదో ఒకటి ప్రయత్నించాలి. మీ వేలు స్విచ్ మీద ఉంది కదా, భయం దేనికి? మీకు సులువుగా సరిచేయగలిగే ఎత్తు ఇంకా మిగిలి ఉండగా, వాడి చేయి బిగుసుకుపోయిందని తెలిసిన క్షణంలో ‘నాది’ అనండి. విమానాన్ని తిన్నగా పెట్టి, మూడు నాలుగు సెకన్లలో, అదే చోట, ‘నీది’ అని ఇచ్చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తీసుకున్నాక ఒక చుట్టు తామే కొట్టి, దించి, జరిగింది వివరిస్తారు. పిల్లాడికి మిగిలేది ‘నా చేతిలో పాడైంది, బాబాయ్ చేతిలో బాగైంది’ అన్న మాటే. వెంటనే ఇచ్చేస్తే మాత్రం రెండో నిమిషానికే ముఖంలో టెన్షన్ తగ్గడం మీకే కనిపిస్తుంది.

వాడు కాస్త తిన్నగా ఎగరేయగలిగాక ఇంకో పని చేయండి. మీరే మంచి ఎత్తులో విమానాన్ని కావాలని ఒక పక్కకి బాగా వాల్చి, ముక్కు కిందికి పెట్టి, ‘నీది, సరిచెయ్’ అని ఇవ్వండి. ఇలాంటివి రోజూ కొన్ని. అందంగా గుండ్రాలు తిప్పించడంకన్నా దీనిమీద నాకు ఎక్కువ నమ్మకం. క్రమం ముఖ్యం: థ్రాటిల్ తగ్గించు, రెక్కలు సమం చెయ్యి, ఆ తర్వాతే ఎలివేటర్ మెల్లగా లాగు. కొత్తవాళ్లు విమానం దిగుతుంటే ముందుగా ఎలివేటరే లాగుతారు. బాగా వాలి ఉన్న విమానానికి ఎలివేటర్ లాగితే అది పైకి రాదు, మలుపు ఇంకా బిగుసుకుని సుడి తిరుగుతూ దిగుతుంది. ఇది వాడికి ఎత్తులో ఒకసారి చూపించండి.

ఈ లాగే అలవాటు ఎంత బలమైందో చెప్తాను. ఒక పెద్దాయనకి స్టాల్ (వేగం తగ్గి రెక్క విమానాన్ని మోయలేకపోవడం) చూపిస్తున్నాను. థ్రాటిల్ తగ్గించి, ముక్కు కొంచెం పైకి పట్టుకోమన్నాను. విమానం నెమ్మదించి ముక్కు దించేసింది. ఆయన బొటనవేలు స్టిక్‌ని చివరిదాకా లాగి అలాగే పట్టుకుంది, గోరు తెల్లబడింది. విమానం తేరుకోబోవడం, మళ్లీ ముక్కు వాల్చడం, మళ్లీ అదే.

‘వేలు తీసేయండి’ అన్నాను.

‘తీస్తే పడిపోదూ బాబూ?’

‘తీసి చూడండి, ఎత్తు చాలా ఉంది.’

తీశారు. ముక్కు కిందికి దిగింది, వేగం పుంజుకుంది, దానంతట అదే తిన్నగా అయింది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మళ్లీ చేద్దామన్నారు. అప్పటినుంచి ఆయన స్టిక్‌ని బొటనవేలు, చూపుడువేలు కలిపి చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు పట్టుకునేవారు. మీవాడికి కూడా ఇది తప్పకుండా చేయించండి. ట్రైనర్ విమానం ఎగరడానికే తయారైంది, మనం దాన్ని పట్టి ఆపకపోతే చాలావరకు అదే తేరుకుంటుంది.

గాలి సంగతి. సెకనుకు 4 మీటర్ల గాలి ఉంటే, 12 మీటర్ల వేగంతో పోయే విమానం గాలికి ఎదురెళ్లేటప్పుడు నేలనుంచి చూస్తే 8లా, గాలి వాలుకి పోయేటప్పుడు 16లా కనిపిస్తుంది. రెండోది చూసి కొత్తవాళ్లు ‘అమ్మో, స్పీడైపోయింది’ అని థ్రాటిల్ తగ్గించేస్తారు. రెక్క మీద గాలి వేగం నిజానికి పెరగలేదు, తగ్గించేసరికి స్టాల్ అవుతుంది. ఆ దిశలో థ్రాటిల్ మీద చేయి వేయొద్దని ముందే చెప్పి ఉంచండి.

ల్యాండింగ్‌కి తొందరపడొద్దు. టేకాఫ్ సులువు: గాలికి ఎదురుగా, థ్రాటిల్ మెల్లగా పెంచుతూ, ఎడమకి లాగుతుంటే కాస్త కుడి రడ్డర్. ల్యాండింగ్‌కి మాత్రం ముందు రన్‌వే మీదుగా తిన్నగా దాటించడం నేర్పాలి, మొదట 15 మీటర్ల ఎత్తులో, తర్వాత పదిలో, తర్వాత ఐదులో. ప్రతిసారీ చివర్లో థ్రాటిల్ ఇచ్చి మళ్లీ పైకి. దిగడం కన్నా ముందు, దిగకుండా లేచిపోవడం రావాలి. ఎత్తుని థ్రాటిల్‌తో, వేగాన్ని ఎలివేటర్‌తో సర్దుకోవాలన్నది ఇక్కడే ఒంటబడుతుంది. చివరి మలుపులో రెక్క ఎక్కువ వాల్చనివ్వకండి. తక్కువ ఎత్తు, తక్కువ వేగం, పెద్ద వాలు మూడూ కలిస్తే మీరు స్విచ్ వదిలినా చేయగలిగేది తక్కువ. అందుకే ఈ దశలో నేను కంట్రోల్ చాలా ముందే తీసుకుంటాను, పైన చెప్పిన ఓపిక ఇక్కడ చూపించను.

గైరో స్టెబిలైజేషన్ (విమానాన్ని తనంతట తానే స్థిరంగా ఉంచే ఏర్పాటు) వాడొచ్చా అని కూడా అడిగారు. మొదటి ఒకటి రెండు రోజులు వాడండి, భయం పోతుంది. కానీ స్టిక్ వదిలితే తనంతట తాను సమమయ్యే మోడ్‌లో ఎక్కువ రోజులు ఉంటే, మలుపు వేసినవాడే దాన్ని సరిచేయాలన్న సంగతి వేళ్లకి అలవాటు కాదు. తర్వాత దాన్ని ఆపేయండి.

బ్యాటరీ పూర్తిగా వాడనివ్వకండి. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ నిండుగా 4.2 వోల్టులు, దిగేసరికి 3.7కి అటూ ఇటూ ఉండేలా టైమర్ పెట్టండి. కొత్తవాళ్లు ల్యాండింగ్‌కి రెండు మూడుసార్లు ప్రయత్నిస్తారు, ప్రతిసారీ పవర్ కావాలి. పదినిమిషాలకి మించి ఒక్క దఫాలో ఎగరేయించొద్దు, కన్ను అలిసిపోతుంది. ఎగరేసే ముందు రేంజ్ చెక్ (సిగ్నల్ దూరానికి అందుతోందో లేదో చూడడం), ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ తెగినప్పుడు) మోటార్ ఆగుతోందా అన్నది వాడిచేతే చూపించుకోండి. బ్యాటరీ తగిలించేటప్పటినుంచి టేకాఫ్‌కి సిద్ధమయ్యేదాకా థ్రాటిల్ కట్ (మోటార్ తిరగకుండా ఆపే స్విచ్) ఆన్‌లోనే ఉండాలి, ప్రొపెల్లర్ ముందు ఎవరూ ఉండకూడదు. ఈ విషయంలో నేను పిల్లలని గానీ పెద్దవాళ్లని గానీ ఒక్కసారి కూడా చూసీచూడనట్టు వదిలేయను. మీరు ఎగరేసే చోట అనుమతి, ఎత్తు నిబంధనలు కూడా వాడికి తెలియాలి.

కేబుల్ ఎప్పుడు తీసేయాలంటే, ‘ఇది బాగా రాలేదు, మళ్లీ లేస్తాను’ అని మీరు చెప్పకముందే వాడు అనడం మొదలుపెట్టాక. ఎత్తులో థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, మోటార్ సాయం లేకుండా రన్‌వే మీదికి తెచ్చుకోగలిగితే ఇంక అనుమానం అక్కర్లేదు. ఆ రోజు పక్కనే నిలబడండి, అడిగితే తప్ప మాట్లాడకండి.

మీ దగ్గరున్న రెండు ట్రాన్స్‌మిటర్ల మోడళ్లు, విమానం పేరు రాయండి. అవి నేరుగా కలుస్తాయా, వేరే కేబుల్ కావాలా చూసి చెప్తాను.