ఆమె పేరు రాయలేదు నువ్వు

దేవరకొండ

అమ్మాయీ,

ఆఫ్రికాలోని మలావీలో సువార్త సేవకు వెళ్లి, అక్కడి అనుభవాల మీద నువ్వు రాసి పంపిన రాతప్రతి మొన్న రాత్రి పూర్తిచేశాను. తెలుగు బాగుంది. కానీ కోపం వచ్చింది, అది చల్లారకముందే రాస్తున్నాను.

మొదటి పదకొండు పేజీల్లో ‘ఆత్మీయ ఎదుగుదల’ అన్న మాట కింద పెన్సిలుతో గీతలు గీస్తూ పోయాను. 19 గీతలయ్యాయి. ‘దేవుడు నన్ను విరిచి మలిచాడు’ అన్నావు. ఏ రోజున విరిచాడు? అప్పుడు నువ్వు ఏ గదిలో ఉన్నావు?

పన్నెండో పేజీలో ఒక ముసలమ్మ వచ్చింది. మన గటక కంటే గట్టిగా ఉండే మొక్కజొన్న న్సిమా వడ్డించే ముందు నీ చేతుల మీద నీళ్లు పోసింది. నీళ్లను అక్కడి చిచేవా భాషలో ‘మద్జి’ అంటారని, నీకు పలకడం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పించింది. బోధించడానికి వెళ్లిన పిల్ల చేతులు చాచి కూర్చుంది! అక్కడ నా కళ్లు చెమర్చాయి. నువ్వేమో రెండు వాక్యాలకే ఆమెను వదిలేసి ‘ఈ అనుభవం నాకు వినయం నేర్పింది’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి.

బైబిల్లో లూకా రాసిన అపొస్తలుల కార్యముల్లో పౌలు ఎక్కిన ఓడ పగిలిన కథ మళ్లీ చదువు. గుండు కట్టిన తాడు సముద్రంలోకి వదిలితే ఇరవై బారల లోతు, కొంత దూరం పోయాక పదిహేను. ఓడలో 276 మంది. మెలితే ద్వీపం ఒడ్డున వాన, చలి, అక్కడివాళ్లు రాజేసిన మంట. పౌలు అంతటివాడు పుల్లలు ఏరుకొస్తున్నాడు. లూకా ఇవే రాశాడు. ఆ రాత్రి తమ విశ్వాసం ఎంత పెరిగిందో ఒక్క ముక్క రాయలేదు.

మా నాయనమ్మ బైబిలు స్త్రీ, అంటే ఊరూరా తిరిగి బైబిలు చెప్పే సేవకురాలు. చందంపేట వైపు పల్లెలకు నడిచి వెళ్లేది. నా ఇరవై నాలుగో ఏట ఆమె గురించి ఒక వ్యాసం రాసి ఒక సంఘ పత్రికకు పంపాను. టైరు చెప్పులు, కొంగున కట్టుకున్న జొన్నరొట్టె, మాల మాదిగ వాడల్లో ఆమెకు అన్నం పెట్టిన ఇళ్లు, అన్నీ రాశాను. సంపాదకుడు అవన్నీ తీసేసి ‘ఆత్మల భారముతో పరిచర్య చేసిన ధన్యురాలు’ అని అచ్చువేశాడు. ఆ పత్రిక పట్టుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను. ‘ఎవరి గురించిరా ఇది?’ అని అడిగింది. నలభై ఏళ్లయినా ఆ సంపాదకుణ్ణి క్షమించలేకపోయాను. ప్రార్థనలో ప్రయత్నించాను కూడా. నీ పదకొండు పేజీల్లో నాకు ఆయన గొంతే వినిపించింది.

1890 ప్రాంతంలో రష్యా నుంచి అబ్రహాం, మరియా ఫ్రీసెన్ అనే మెనోనైట్ క్రైస్తవ శాఖ దంపతులు మన నల్లగొండకు వచ్చి మిషను మొదలుపెట్టారు. వాళ్లు ఇక్కడ ఏమిచ్చారో మన సంఘాల్లో అందరూ చెబుతారు. వాళ్లకు మొదటి రొట్టె చేతికిచ్చిన ఇల్లాలు ఎవరో, మొదటి తెలుగు మాట నేర్పింది ఎవరో చెప్పేవారు నాకు తారసపడలేదు. ఇప్పుడు పాలమూరు పిల్లవు నువ్వే పరదేశివై కూర్చున్నావు. నీకు ఇచ్చినవాళ్లను నువ్వు కూడా మరిచిపోతే నేను ఊరుకోను.

ముప్పయ్యో పేజీలో ‘మూడు వారాలు ప్రార్థన రాలేదు’ అని ఒక్క వాక్యం రాసి, వెంటనే క్రిస్మస్ కూడికకు పరుగెత్తావు. ఎందుకంత తొందర? పాస్టరుగారు చదువుతారనా? చదవనీ. ఆ మూడు వారాలు పొద్దున లేచి ఏం చేశావు? మోకరించావా, మోకరించినట్టు కనిపించావా? తోటి సేవకురాలితో మాటలు మానేసింది అప్పుడేనా?

ముందుమాట, అచ్చు సంగతి ఇప్పుడు వద్దు. ఆ మూడు వారాలు రాసి, ముందు అదొక్కటే పంపు. ఇంకొకటి: రాతప్రతి అంతా వెతికాను, నీళ్లు పోసిన ఆ ముసలమ్మ పేరు ఎక్కడా లేదు. ఆమె ఇంటికి వెళ్లి అడిగి, ఆమె పలికినట్టే రాసుకో.